దిగేముందే ఖాళీ చేసే సంగతి చూడండి: సర్వర్ వర్చువలైజేషన్ ఎంపికకు కొన్ని తలకిందుల సలహాలు

వర్చువలైజేషన్ ప్లాట్‌ఫాం మార్చాలా వద్దా అని ఏ కంపెనీలో మీటింగ్ పెట్టినా తెర మీద ముందుగా వచ్చేది ఒక ఎక్సెల్ పట్టిక. పై వరసలో వీఎంవేర్, హైపర్-వి, న్యూటానిక్స్, ప్రాక్స్‌మాక్స్, ఎక్స్‌సీపీ-ఎన్‌జీ. ఎడమపక్క ఫీచర్ల పేర్లు, మధ్యలో ఆకుపచ్చ టిక్కులు. నా మొదటి సలహా ఆ పట్టిక మూసెయ్యమని. లైవ్ మైగ్రేషన్ అన్నింటిలోనూ ఉంది. హోస్ట్ పడిపోతే మిషన్లను ఇంకో హోస్ట్ మీద లేపే ఏర్పాటు (హెచ్ఏ), స్నాప్‌షాట్లు, క్లోన్లు కూడా అన్నింటిలో ఉన్నాయి. ఆ పని చేయవచ్చన్నంత వరకే టిక్కు చెబుతుంది. మీ స్టోరేజ్ మీద, మీ మనుషుల చేతుల్లో, మీరు కట్టే బిల్లులో అది ఎలా జరుగుతుందో ఏ టిక్కూ చెప్పదు.

ఇక్కడి సలహాలు చాలామందికి ఎదురు తిరిగినట్టు అనిపిస్తాయి. కొనకముందే వదిలేయడం నేర్చుకోమంటాను. వేగం కొలవొద్దంటాను. హైపర్‌వైజర్‌ని కంపెనీ డొమైన్‌లో కలపొద్దంటాను. అన్నీ నమ్మే చెబుతున్నాను. ఎందుకంటే ఇది సాఫ్ట్‌వేర్ కొనుగోలు మాత్రమే కాదు. కంపెనీలోని ప్రతి సర్వరూ దీని మీదే నిలబడుతుంది. ఎంపిక తప్పితే ఆ భారం మోసేది సంతకం పెట్టిన మేనేజర్ కాదు, రాత్రి డ్యూటీలో ఉన్న అడ్మిన్.

ముందు బయటికి నడిచి చూడండి

ట్రయల్ పేరుతో మామూలుగా జరిగేది ఇదీ. వెండర్ ఇంజనీరు వస్తాడు, కొత్తగా ఒక లైనక్స్ మిషన్ లేపుతాడు, నడుస్తుండగానే దాన్ని ఒక హోస్ట్ నుంచి ఇంకో హోస్ట్‌కి జరిపి చూపిస్తాడు. పింగ్ ఒక్కటీ పోలేదని అందరూ సంతోషిస్తారు. ఆ పని ఇవాళ ఏ ప్లాట్‌ఫాంలోనైనా జరుగుతుంది. వీఎంవేర్ వీమోషన్ తెచ్చిన 2003లో అది నిజంగా అద్భుతమే. ఇప్పుడు అది కనీస అర్హత.

మీరు అడగాల్సిన పరీక్ష వేరు. మీ దగ్గర ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని పాత విండోస్ సర్వర్ ఒకటి ఉంటుంది. దాంట్లో డేటాబేస్, స్టాటిక్ ఐపీ, లైసెన్స్ డాంగిల్ అన్నీ ఉంటాయి. దాని కాపీ తీసి కొత్త ప్లాట్‌ఫాంలోకి ఎక్కించండి. అది సరిగ్గా నడిచాక అక్కడితో ఆగొద్దు. అదే మిషన్‌ను ఆ కొత్త ప్లాట్‌ఫాం నుంచి దాని పోటీదారు ప్లాట్‌ఫాంలోకి తీసుకెళ్లండి. అద్దె ఇంట్లో దిగేముందే, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ ఎలా తిరిగిస్తారో అడిగినట్టు అన్నమాట. లోపలికి తెచ్చుకునే సాధనాలు ప్రతి వెండర్ దగ్గరా ముస్తాబుగా ఉంటాయి. ప్రాక్స్‌మాక్స్ 2024లో వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ నుంచి మిషన్లను నేరుగా లాక్కొచ్చే విజార్డ్ పెట్టింది. న్యూటానిక్స్‌కి మూవ్ ఉంది. బయటికి పంపే సాధనం ఎవరి దగ్గర ఎంత బాగుందో చూస్తే ఆ కంపెనీకి తన వస్తువు మీద ఎంత నమ్మకం ఉందో తెలిసిపోతుంది.

ఈ పరీక్షలో మీకు ఎదురయ్యేవి కొన్ని ముందే చెబుతాను, ఎందుకంటే ప్రతి వలసలోనూ ఇవే వస్తాయి.

వీఎంవేర్ నుంచి కేవీఎం (న్యూటానిక్స్, ప్రాక్స్‌మాక్స్ లోపలుండే హైపర్‌వైజర్) వైపు వచ్చిన విండోస్, వర్ట్‌ఐఓ డిస్క్ చూడగానే డ్రైవర్ లేక నీలి తెరతో ఆగిపోతుంది. దీనికి రెండు మందులున్నాయి. కదిలించకముందే వర్ట్‌ఐఓ డ్రైవర్లు వేయడం ఒకటి. రెండోది, మొదట సాటా డిస్క్‌గా బూట్ చేసి, పక్కన చిన్న వర్ట్‌ఐఓ డిస్క్ ఒకటి తగిలించి, డ్రైవర్ కూర్చున్నాక అసలు డిస్క్‌ను మార్చడం. లైనక్స్‌లో గొడవ నెట్‌వర్క్ కార్డు పేరుతో వస్తుంది. వీఎంవేర్‌లో ఈఎన్ఎస్192 అని ఉన్న కార్డు ప్రాక్స్‌మాక్స్‌లో ఈఎన్ఎస్18 అవుతుంది. కాన్ఫిగ్ ఫైల్ పాత పేరు పట్టుకుని కూర్చుంటుంది. మిషన్ లేస్తుంది, కానీ నెట్‌వర్క్ ఉండదు, కన్సోల్ తప్ప వేరే దారి దొరకదు. విండోస్‌లో పాత కార్డు దాక్కుని ఉండి స్టాటిక్ ఐపీని వదలదు, డివైస్ మేనేజర్‌లో కనపడని పరికరాలను చూపించమని చెప్పి దాన్ని తీసెయ్యాలి. వీఎంవేర్ టూల్స్‌ని వీఎంవేర్‌లో ఉండగానే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. బయటికొచ్చాక దాని అన్‌ఇన్‌స్టాలర్ మొరాయిస్తుంది. పాత స్నాప్‌షాట్లన్నీ ముందే కలిపేయండి. వర్చువల్ టీపీఎం ఉన్న మిషన్‌లో బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ ఆ మిషన్ బయట ఎక్కడైనా ఉందో లేదో చూసుకోండి. కొత్త చోట అది అడిగేది ఆ కీనే.

ఒక్క మిషన్‌తో ఇదంతా చేస్తే చాలు, పట్టికలో మూడు వందల వరుసలు నింపినా తెలియనిది తెలుస్తుంది.

వేగం పరీక్షలకు టైం పెట్టకండి

ఒకప్పుడు ఈ పోలికకు అర్థం ఉండేది. ఒక ప్రాసెసర్‌ని నిజంగా వర్చువలైజ్ చేయాలంటే ఏ షరతులు తీరాలో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ 1974లోనే రాశారు. ఇంటెల్ ఎక్స్86 ఆ షరతులకు లొంగలేదు. 1998లో డయాన్ గ్రీన్, మెండెల్ రోసెన్‌బ్లమ్ మరో ముగ్గురితో కలిసి పెట్టిన వీఎంవేర్ ఆ ఇబ్బందిని సాఫ్ట్‌వేర్‌తో దాటింది, నడుస్తున్న కోడ్‌లో చిక్కు తెచ్చే ఆదేశాలను అప్పటికప్పుడు తిరగరాస్తూ. కేంబ్రిడ్జిలో పుట్టిన జెన్ 2003లో ఇంకో దారి పట్టింది, లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌నే కొంచెం మార్చింది. అప్పుడు ఎవరి పద్ధతి వేగమైనదన్నది అసలైన ప్రశ్న.

2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ఆ పనిని ప్రాసెసర్‌లోకే తెచ్చాయి. 2007 ఫిబ్రవరిలో కేవీఎం లైనక్స్ కెర్నెల్ 2.6.20లో చేరింది. అమెజాన్ తన క్లౌడ్‌ని జెన్ మీద మొదలుపెట్టి 2017 నుంచి కేవీఎం ఆధారంగా కట్టిన నైట్రో వైపు మళ్లింది. న్యూటానిక్స్ ఏహెచ్‌వీ లోపలున్నదీ కేవీఎమ్మే, ప్రాక్స్‌మాక్స్ లోపలున్నదీ కేవీఎమ్మే. భారం ఎక్కువగా మోసేది సిలికానే కాబట్టి, మామూలు ఆఫీసు పనులకు హైపర్‌వైజర్ల మధ్య తేడా మీ యూజర్ల కంటికి ఆనదు.

కనపడే తేడా ఎక్కడినుంచి వస్తుంది? సెట్టింగుల్లోంచి. ప్రాక్స్‌మాక్స్‌లో చాలాకాలం కొత్త మిషన్‌కి వచ్చిన డీఫాల్ట్ సీపీయూ రకం కేవీఎం64. దాంట్లో ఏఈఎస్ ఆదేశాలు లేవు, అందుకని ఎన్‌క్రిప్షన్ చేసే ప్రతి పనీ నెమ్మదించేది. ఎనిమిదో వెర్షన్‌లో ఆ డీఫాల్ట్ మారింది. పాత పద్ధతిలో లేపిన మిషన్‌ని కొలిచి కేవీఎం నెమ్మది అని తేల్చేస్తే అది ప్లాట్‌ఫాం మీద తీర్పు కాదు. కొలవాలనే పట్టుదల ఉంటే ఒక్కటే కొలవండి: రాత్రి బ్యాకప్ నడుస్తున్నప్పుడు డేటాబేస్ మిషన్‌లో డిస్క్ ఎంతసేపు ఆగి బదులిస్తోందో.

ధర తర్వాత అడగండి, ముందు దేన్ని లెక్కపెడతారో అడగండి

ఇది కాస్త నిదానంగా చదవండి, డబ్బు పోయేది ఇక్కడే.

కొటేషన్‌లో అంకె ఈ ఏడాదిది. కానీ లెక్కపెట్టే యూనిట్ మీరు ఏ సర్వర్ కొనాలో, ఎన్ని కొనాలో వచ్చే అయిదేళ్లూ నిర్దేశిస్తుంది. వీఎంవేర్ కోర్లను లెక్కపెడుతుంది, ఒక్కో సీపీయూకి కనీసం 16 కోర్లు కట్టాల్సిందే. విండోస్ సర్వర్ కూడా కోర్లనే లెక్కపెడుతుంది కానీ కనీసం సీపీయూకి 8, సర్వర్‌కి 16. ప్రాక్స్‌మాక్స్ సబ్‌స్క్రిప్షన్ సీపీయూ సాకెట్ల లెక్క.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడు పాత సర్వర్లు, ఒక్కోదాంట్లో రెండు సీపీయూలు, సీపీయూకి 8 కోర్లు. ఉన్నవి 48 కోర్లు. విండోస్‌కి 48కే కడతారు. వీఎంవేర్‌కి మాత్రం 96కి కట్టాలి. ప్రాక్స్‌మాక్స్‌కి 6 సాకెట్లు. ఇప్పుడు వాటిని తీసేసి, ఒక్కోదాంట్లో 32 కోర్ల సీపీయూ ఒకటే ఉన్న మూడు కొత్త సర్వర్లు పెట్టారనుకోండి. అసలు కోర్లు 96 అయ్యాయి. వీఎంవేర్ లెక్క కదలదు, అదే 96. విండోస్ లెక్క రెట్టింపవుతుంది. ప్రాక్స్‌మాక్స్ లెక్క 6 నుంచి 3కి, సగానికి దిగుతుంది. ఒకే హార్డ్‌వేర్ నిర్ణయం మూడు బిల్లులను మూడు దిక్కులకు తీసుకెళ్లింది. ఈ లెక్క మీ సర్వర్లతో మీరే వేసుకోవాలి, అమ్మేవాళ్లు వేసిపెట్టరు.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. లోపల నడిచే మిషన్లు విండోస్ అయితే, కింద హైపర్‌వైజర్ ఏదైనా విండోస్ సర్వర్ లైసెన్స్ మామూలుగా హోస్ట్‌లోని కోర్లన్నింటికీ కొనాలి. స్టాండర్డ్ ఎడిషన్ ఒక విడత లైసెన్సింగ్‌కి రెండు మిషన్లనే ఇస్తుంది, డేటాసెంటర్ ఎడిషన్‌కి మిషన్ల పరిమితి లేదు. ఒక హోస్ట్ మీద విండోస్ మిషన్లు పదీ పన్నెండు దాటితే మామూలుగా డేటాసెంటరే చవక. అది ఇప్పటికే కొని ఉంటే హైపర్-వికి మీరు డబ్బు కట్టేసినట్టే. ఎనభై శాతం విండోస్ నడిపే ఆఫీసు హైపర్-విని చూడనైనా చూడకుండా వేరేది కొనడం నాకు మింగుడుపడదు.

ఒరాకిల్ డేటాబేస్ ఉన్నవాళ్లు మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ఆ ఒప్పందం ముందు తీయండి. వీఎంవేర్ లాంటి సాఫ్ట్ విభజనను ఒరాకిల్ లైసెన్స్ తగ్గింపుకి లెక్కలోకి తీసుకోదు. ఆ మిషన్ ఏ ఏ హోస్టుల మీద నడవగలదో వాటి కోర్లన్నింటికీ అడిగే ప్రమాదం ఉంది. దానికి ఒక చిన్న విడి క్లస్టర్ పెట్టుకోవడమే మంచిది.

కంపెనీ మీద నమ్మకంతో ఎంచుకోకండి, ఏ కంపెనీ మీదా

"బ్రాడ్‌కామ్ వచ్చాక వీఎంవేర్ చెడిపోయింది, కాబట్టి నమ్మదగ్గ కంపెనీ దగ్గరికి వెళ్దాం" అని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఆ బాధ నిజం. 2023 నవంబర్ 22న బ్రాడ్‌కామ్ సుమారు 6,900 కోట్ల డాలర్లకు వీఎంవేర్ కొనుగోలు పూర్తిచేసింది. డిసెంబర్‌లో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపింది. 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్ఎక్స్ఐని తీసేసి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చింది. ఏటీ అండ్ టీ అంతటి కంపెనీ సపోర్ట్ కోసం 2024లో కోర్టుకెక్కింది, తర్వాత రాజీ కుదిరింది.

కానీ వెనక్కి చూడండి. 2011లో, బ్రాడ్‌కామ్ పేరు కూడా లేనప్పుడు, ఇదే వీఎంవేర్ విస్ఫియర్ 5తో మెమరీని బట్టి లైసెన్స్ లెక్కకట్టే పద్ధతి తెచ్చింది. కస్టమర్లు గోలపెడితే మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది. సిట్రిక్స్ 2017 డిసెంబర్‌లో జెన్‌సర్వర్ ఉచిత ఎడిషన్ నుంచి ఫీచర్లు పీకేసింది. ఆ కోపంలోంచే ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నుంచి ఎక్స్‌సీపీ-ఎన్‌జీ వచ్చింది. మైక్రోసాఫ్ట్ విడిగా ఉచితంగా ఇచ్చిన హైపర్-వి సర్వర్‌ని 2019 వెర్షన్‌తో ఆపేసింది. రెడ్ హ్యాట్ 2008లో 10 కోట్ల 70 లక్షల డాలర్లకు క్యుమ్రానెట్‌ను కొని కేవీఎంని సొంతం చేసుకుంది, దాని మీద రెడ్ హ్యాట్ వర్చువలైజేషన్ కట్టింది, తర్వాత దాన్ని పక్కనపెట్టి కస్టమర్లను ఓపెన్‌షిఫ్ట్ వైపు నడిపించింది. ప్రాక్స్‌మాక్స్ వియన్నాలో చిన్న కంపెనీ, 2008 నుంచి ఈ ఉత్పత్తి ఇస్తోంది. దాని సోర్స్ ఏజీపీఎల్ కింద ఉంది, సబ్‌స్క్రిప్షన్ లేకపోయినా ఏ ఫీచరూ మూసుకుపోదు. నాకు ఆ పద్ధతి మీద గౌరవం ఉంది. అయినా రేపు దాన్ని ఎవరైనా కొనరని ఎవరు చెప్పగలరు?

అందుకే యాజమాన్యం మారినా మీ చేతిలో మిగిలేది ఏమిటన్నదే చూడండి. సబ్‌స్క్రిప్షన్ గడువు దాటిన మర్నాడు ఏమవుతుంది? మిషన్లు నడుస్తాయా? ఆపిన మిషన్‌ని మళ్లీ ఆన్ చేయనిస్తుందా? సెక్యూరిటీ ప్యాచ్‌లు దొరుకుతాయా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు సేల్స్ వాళ్ల నోటితో కాదు, కాగితం మీద తీసుకోండి. రెన్యువల్ ధర ఎంతకు మించి పెరగకూడదో కూడా ఆ కాగితంలోనే రాయించండి. రాయించుకోగలిగేది మొదటి ఆర్డర్ ముందే.

హైపర్‌వైజర్‌ని మీరు ఎంచుకోవద్దు, మీ స్టోరేజ్‌ని ఎంచుకోనివ్వండి

వీఎంవేర్ వదలాలనుకున్న చోట్ల పని ఎక్కువగా చిక్కుబడేది ఇక్కడ. పట్టికల్లో దీనికి ఒక్క వరుస కూడా ఉండదు.

చాలా ఆఫీసుల్లో లక్షలు పోసి కొన్న సాన్ ఉంటుంది. ఫైబర్ ఛానెల్ మీదో ఐస్కజీ మీదో హోస్టులన్నీ దాని లన్‌లను పంచుకుంటాయి. వీఎంవేర్ గొప్పతనంలో సగం దాని ఫైల్ సిస్టమ్ వీఎంఎఫ్ఎస్‌ది. అనేక హోస్టులు ఒకే లన్‌ని ఒకేసారి తెరిచి, ఎవరి ఫైళ్లకు వాళ్లు తాళం వేసుకుని పనిచేస్తాయి. థిన్ డిస్కులు, స్నాప్‌షాట్లు ఏ ఆలోచనా లేకుండా నడుస్తాయి. ప్రాక్స్‌మాక్స్‌లో వీఎంఎఫ్ఎస్‌కి సరిసమానమైంది లేదు. ఆ లన్ మీద ఎల్‌వీఎం పెట్టి పంచుకోవాలి, అది థిక్‌గానే ఉంటుంది, స్నాప్‌షాట్ మొన్నటిదాకా లేదు. 2025 ఆగస్టులో వచ్చిన తొమ్మిదో వెర్షన్ వాల్యూమ్ గొలుసు పద్ధతిలో దాన్ని తెచ్చింది, అదీ టెక్నాలజీ ప్రివ్యూగా. ఎక్స్‌సీపీ-ఎన్‌జీ కూడా లన్ మీద థిక్కే, స్నాప్‌షాట్ తీస్తే డిస్క్ అంత చోటు ఇంకోసారి కావాలి. పైగా దాని వర్చువల్ డిస్క్ చాలాకాలం 2 టీబీ దగ్గరే ఆగిపోయింది. న్యూటానిక్స్ పుట్టిందే సర్వర్లలోని డిస్కులతో స్టోరేజ్ కట్టడానికి. ఈమధ్య కొన్ని బయటి స్టోరేజ్‌లను ఒప్పుకుంటోంది కానీ మీ సాన్ ఆ కొద్దింటిలో ఉందేమో చూసుకోవాలి. హైపర్-వి క్లస్టర్ షేర్డ్ వాల్యూమ్‌తో సాన్‌ని బాగానే వాడుకుంటుంది.

కాబట్టి ఇంకా నాలుగైదేళ్ల ఆయుష్షున్న ఫైబర్ ఛానెల్ సాన్ మీ దగ్గరుంటే హైపర్-విని మొదట చూడండి. అదే స్టోరేజ్ బాక్స్ ఎన్ఎఫ్ఎస్ ఇవ్వగలిగితే ప్రాక్స్‌మాక్స్‌కి దారి సుగమమవుతుంది, ఎన్ఎఫ్ఎస్ మీద క్యూకౌ2 డిస్కులకు స్నాప్‌షాట్ ఎప్పటినుంచో ఉంది. సాన్ వయసైపోయి ఎలాగూ మార్చాల్సి ఉంటే అప్పుడు హోస్టుల్లోని డిస్కులనే కలిపి స్టోరేజ్ కట్టే సెఫ్ గురించి, న్యూటానిక్స్ గురించి మాట్లాడుకోవచ్చు. సెఫ్ ఉచితమని ఉత్సాహపడేవాళ్లకు ఒక మాట. అది మామూలుగా ప్రతి బ్లాకుకీ మూడు కాపీలు ఉంచుతుంది, అంటే కొన్న డిస్కులో మూడో వంతే చేతికొస్తుంది. మూడు నోడ్లతో నడుస్తుంది కానీ ఒకటి పోతే మూడో కాపీ పెట్టడానికి చోటే ఉండదు. నాలుగైదు నోడ్లు, దానికంటూ వేగమైన విడి నెట్‌వర్క్ లేకుండా దిగొద్దు.

రాత్రి షిఫ్ట్ వాళ్లనే ఎంచుకోనివ్వండి

ఆర్కిటెక్టులు, కన్సల్టెంట్లు, కొనుగోలు విభాగం అందరూ ఓటేస్తారు. రాత్రి రెండింటికి హోస్ట్ పడిపోతే ఫోన్ ఎత్తే మనిషిని మాత్రం ఎవరూ అడగరు. నా దృష్టిలో చివరి మాట ఆ మనిషిదే.

అమీర్‌పేటలో వీఎంవేర్ అడ్మిన్ కోర్సు చేసి, అమెరికా, యూరప్ కస్టమర్ల సర్వర్లను హైదరాబాద్‌లో కూర్చుని రాత్రిళ్లు కాపాడే తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల చేతివేళ్లకు విస్ఫియర్ తెర అలవాటు. ప్రాక్స్‌మాక్స్‌లో పైకి కనపడే తెర తేలికే కానీ గొడవ వచ్చినప్పుడు పని లైనక్స్ కమాండ్ దగ్గరే తేలుతుంది. హైపర్-విలో పవర్‌షెల్, ఫెయిలోవర్ క్లస్టర్ రాకపోతే నడవదు. లైసెన్స్‌లో మిగిలిన డబ్బులో కొంత ఆ పిల్లల శిక్షణకు, ఒక టెస్ట్ క్లస్టర్‌కు వేరుగా తీసిపెట్టకుండా వలస మొదలుపెట్టడం అన్యాయం. ఆ మాట బడ్జెట్ మీటింగ్‌లో గట్టిగా అనండి. సపోర్ట్ వేళలు కూడా చూడండి. ప్రాక్స్‌మాక్స్ కంపెనీ నేరుగా ఇచ్చే సపోర్ట్ ఆస్ట్రియా పనిదినాల్లో, పనివేళల్లోనే. వియన్నా మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. ఇరవై నాలుగ్గంటలూ కావాలంటే స్థానిక పార్ట్‌నర్‌తో విడిగా ఒప్పందం ఉండాలి.

తర్వాత వాళ్లతోనే పరీక్షలు చేయించండి, వెండర్ ఇంజనీరుతో కాదు. నడుస్తున్న హోస్ట్ పవర్ కేబుల్ పీకండి. మిషన్లు ఇంకో హోస్ట్ మీద లేచేదాకా ఎంతసేపు పట్టిందో చూడండి. అది ఆగకుండా నడవడం కాదని, రీబూట్ అని యాజమాన్యానికి అప్పుడే అర్థమవుతుంది. మేనేజ్‌మెంట్ సర్వర్‌ని ఆపండి. వీసెంటర్ లేకపోయినా ఈఎస్ఎక్స్ఐ హోస్టులు నడుస్తాయి, పడిపోయిన హోస్ట్ మిషన్లు కూడా లేస్తాయి. మిగతావాటిలో ఏమవుతుందో మీ కళ్లతో చూడండి. ప్రాక్స్‌మాక్స్‌లో అయితే బ్యాకప్ ట్రాఫిక్‌నీ, క్లస్టర్ హోస్టులు ఒకదాన్నొకటి పలకరించుకునే కోరోసింక్ ట్రాఫిక్‌నీ కావాలని ఒకే లింక్ మీద పెట్టి, దాన్ని నింపి చూడండి. హెచ్ఏ పెట్టిన హోస్ట్‌కి కోరం (క్లస్టర్‌లో మెజారిటీ ఓటు) పోయి ఒక నిమిషం దాటితే అది తనంతట తాను రీబూట్ అవుతుంది. లింక్ నిండితే హోస్టులన్నీ ఒకేసారి పడిపోవచ్చు. అది లోపం కాదు, డేటా పాడవకుండా పెట్టుకున్న రక్షణ. కోరోసింక్‌కి విడి నెట్‌వర్క్ ఇవ్వాలన్న పాఠం అసలు క్లస్టర్ మీద కంటే టెస్ట్ క్లస్టర్ మీద నేర్చుకోవడం నయం.

అన్నింటికంటే ముఖ్యమైన పరీక్ష ఎవరూ చేయనిది. మొత్తం ఆపేయండి. స్విచ్‌లు, స్టోరేజ్, హోస్టులు, అన్నీ. కరెంటు పోయి, యూపీఎస్ అయిపోయి, జనరేటర్ ఎత్తుకోలేదనుకోండి. ఇప్పుడు మళ్లీ లేపండి. డీఎన్ఎస్ లోపలి మిషన్‌లోనే ఉంది, డొమైన్ కంట్రోలర్ కూడా లోపలే ఉంది, హోస్టులు స్టోరేజ్‌ని పేరుతో వెతుకుతున్నాయి. ఆ పేరుకి ఐపీ చెప్పేది ఇంకా లేవని మిషన్. పాస్‌వర్డ్‌లు దాచిన సాఫ్ట్‌వేరూ ఇంకా లేవని మిషన్‌లోనే. ఇలాంటి చోట ఏ ప్లాట్‌ఫాం మిమ్మల్ని తక్కువ ఏడిపిస్తుందో అదే మీకు తగిన ప్లాట్‌ఫాం. హోస్టుల ఐపీలు, రూట్ పాస్‌వర్డ్‌లు, ఏది ముందు ఏది తర్వాత లేపాలన్న వరస కాగితం మీద రాసి తాళం వేసిన బీరువాలో పెట్టండి.

హైపర్‌వైజర్‌ని డొమైన్‌లో చేర్చకండి

అందరికీ ఒకే లాగిన్ ఉండాలని ఆడిట్ వాళ్లు అడుగుతారు. యాక్టివ్ డైరెక్టరీతో ఎంత బాగా కలుస్తుందన్నది పోలికలో మార్కులు తెచ్చే అంశం కూడా. నేను ఆ మార్కులు తీసేస్తాను.

2024 జులైలో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన లోపం గుర్తుచేసుకోండి. డొమైన్‌లో చేర్చిన ఈఎస్ఎక్స్ఐ హోస్ట్, "ఈఎస్ఎక్స్ అడ్మిన్స్" అనే పేరున్న గ్రూపులో ఎవరుంటే వాళ్లకు పూర్తి అధికారం ఇచ్చేసేది. ఆ గ్రూపు డొమైన్‌లో మామూలుగా ఉండదు. దొంగ లోపలికొచ్చి ఆ పేరుతో ఒక గ్రూపు సృష్టించి అందులో తనను చేర్చుకుంటే చాలు. రాన్సమ్‌వేర్ ముఠాలు సరిగ్గా ఆ పనే చేశాయి. ఒక్క ఉద్యోగి లాప్‌టాప్ నుంచి మొదలైన చొరబాటు డొమైన్ దాకా పాకితే, అక్కడినుంచి అన్ని సర్వర్ల డిస్కులున్న చోటికి ఒక్క అడుగే దూరం. హైపర్-విలో ఇది ఇంకా కష్టం, ఎందుకంటే దాని క్లస్టర్లు సహజంగానే డొమైన్‌లో ఉంటాయి. అక్కడ హోస్టులకు ఆఫీసు డొమైన్‌తో సంబంధం లేని విడి డొమైన్ పెట్టండి. మిగతావాటిలో స్థానిక ఖాతాలు, రెండో అంచె గుర్తింపు, ఇతరులకు తెరుచుకోని మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ చాలు.

ప్యాచ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ పేరుతో వేల సర్వర్లకు తాళం వేసిన దాడి వాడుకున్న లోపానికి 2021 ఫిబ్రవరిలోనే ప్యాచ్ వచ్చింది. రెండేళ్లు వేయలేదంటే, హోస్ట్‌ని ఖాళీచేసి, ప్యాచ్ వేసి, రీబూట్ చేసి, మళ్లీ నింపడం ఆ ఆఫీసుల్లో అంత భారంగా ఉందన్నమాట. మీ టెస్ట్ క్లస్టర్‌లో ఆ పని పట్టపగలు, యూజర్లు పనిచేస్తుండగా చేయించి చూడండి. ధైర్యంగా చేయగలిగే ప్లాట్‌ఫాం ఎక్కువ సురక్షితం.

బ్యాకప్‌ని శత్రువు ఇంట్లో తెరవండి

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వీమ్ 2024లో ప్రాక్స్‌మాక్స్‌ని చేర్చుకుంది. ప్రాక్స్‌మాక్స్ సొంత బ్యాకప్ సర్వర్ 2020 నుంచి ఉంది, మారిన బ్లాకులనే పంపుతుంది, పునరుక్తి తీసేస్తుంది, చాలా బాగుంటుంది. కానీ ఒక్క ప్లాట్‌ఫాంలోనే తెరుచుకునే బ్యాకప్ నాకు సగం బ్యాకప్. వీఎంవేర్ నుంచి తీసిన కాపీని హైపర్-విలో, లేదా కేవీఎంలో లేపి లాగిన్ అవగలిగారా? అయితే రెన్యువల్ బేరంలో మీ గొంతు మారుతుంది.

కొందరు కదలకండి

ఎన్ఎస్ఎక్స్‌తో నెట్‌వర్క్ అంతా కట్టుకుని, విసాన్ మీద వందల మిషన్లు నడుపుతూ, ఆటోమేషన్ అంతా వీఎంవేర్ ఏపీఐల మీద రాసుకున్న పెద్ద సంస్థలకు నా సలహా వేరు. మీరు ఇప్పుడే పరుగెత్తకండి. విస్ఫియర్ 7కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 2తో ముగిసింది, విస్ఫియర్ 8కి 2027 అక్టోబర్ దాకా ఉంది. ఆ లోపల కొత్త మిషన్ ఒక్కటీ వీఎంవేర్‌లో పుట్టనివ్వకుండా, ముఖ్యం కానివాటిని రెండో ప్లాట్‌ఫాంకి పంపుతూ రండి. కోర్ల సంఖ్య తగ్గితే రెన్యువల్ బిల్లూ తగ్గుతుంది, మనుషులకూ చేయి తిరుగుతుంది. ఒకే ప్లాట్‌ఫాం ఉండాలన్న నియమం పుస్తకాల్లో బాగుంటుంది. రెండు తెలిసిన జట్టుకి మాత్రం వెండర్ ఫోన్ వస్తే గాబరా ఉండదు.

చిన్న ఆఫీసులు, రెండు హోస్టులు, పదిహేను మిషన్లు ఉన్నవాళ్లు, ఇంత ఆలోచించనక్కర్లేదు. విండోస్ ఎక్కువైతే హైపర్-వి, లైనక్స్ తెలిసిన మనిషి ఉంటే ప్రాక్స్‌మాక్స్. రెండు నోడ్ల క్లస్టర్‌కి ఓటు కోసం మూడో చిన్న మిషన్ ఎక్కడైనా పెట్టండి. అది లేకపోతే ఒక హోస్ట్ పోయినప్పుడు రెండోదానికి కోరం ఉండదు, లేవాల్సిన మిషన్లు లేవవు. బ్యాకప్ డిస్క్‌ని మాత్రం ఆ రెండు హోస్టుల్లో దేనిలోనూ పెట్టకండి.